పొగగొట్టం నుంచి ఊరి గాలిదాకా: నివేదికలో ఆ అంకె ఎలా పుడుతుంది?

ఫ్యాక్టరీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన చోటల్లా ఇంచుమించు ఒకే గొడవ వినిపిస్తుంది. కన్సల్టెంటు పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక తెరిచి, “సల్ఫర్ డయాక్సైడ్ గరిష్ఠ భూమట్ట గాఢత ఘనపు మీటరుకు 21 మైక్రోగ్రాములు, ఈశాన్యంగా 1.2 కిలోమీటర్ల దూరాన. పరిమితి 80. కాబట్టి ఇబ్బంది లేదు” అని చదువుతారు. వెనక వరసలోంచి ఒకరు లేచి, “మా ఊరు అయిదు కిలోమీటర్ల అవతల. చలికాలం పొద్దున్నే ఘాటుకి కళ్లు మండుతున్నాయి. దానికేమంటారు?” అని అడుగుతారు. ఎదుటివాళ్లు అబద్ధమాడుతున్నారని ఎవరికి వారు అనుకుని ఇళ్లకు వెళ్తారు.

నిజానికి ఆ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. కన్సల్టెంటు వాడిన తరహా లెక్కే ఊరివాళ్ల ఘాటును కూడా చూపించగలదు. ఏ గంటకు లెక్క వేశారు, ఎన్ని గంటలకు సగటు తీశారు, ఏ గాలిని లోపలికి ఇచ్చారు అన్న దాన్నిబట్టి జవాబు మారిపోతుంది. అదెలాగో ఒక చిన్న బాయిలర్‌ను పట్టుకుని మొదటినుంచీ చూద్దాం.

గొట్టం నోట్లో ఎంత, ముక్కు దగ్గర ఎంత

ముందు రెండు మాటలను విడదీసుకోవాలి. గొట్టం నోటినుంచి సెకనుకు ఎన్ని గ్రాములు బయటికి వస్తున్నాయన్నది ఉద్గారం. మనిషి పీల్చే ఎత్తులో ఒక ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాములు ఉన్నాయన్నది గాఢత. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఫ్యాక్టరీ చేతిలో ఉండేది ఉద్గారం, ఊరిని తాకేది గాఢత. మొదటిదాన్నుంచి రెండోదాన్ని అంచనా వేసే గణితాన్నే కాలుష్య వ్యాప్తి నమూనా అంటారు. వాడుకలో మోడలింగ్.

పరిమితులూ రెండు రకాలే. గొట్టంలో కొలిచే పరిమితి మిల్లీగ్రాముల్లో ఉంటుంది, అది ఫ్యాక్టరీ రకాన్నిబట్టి మారుతుంది. బయటి గాలికి 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాలు దేశమంతటికీ వర్తిస్తాయి: 24 గంటల సగటున సల్ఫర్ డయాక్సైడ్ 80, నైట్రోజన్ డయాక్సైడ్ 80, పీఎం 10 ధూళి 100, పీఎం 2.5 సన్నధూళి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సల్ఫర్ డయాక్సైడ్‌కు సూచించిన 24 గంటల విలువ 40. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోవాలి: మన ప్రమాణాల్లో సల్ఫర్ డయాక్సైడ్‌కు రోజు సగటు, ఏడాది సగటు మాత్రమే ఉన్నాయి. ఒక గంటకు పరిమితి లేదు.

పది టన్నుల బాయిలర్: ఒక పూర్తి లెక్క

గంటకు 10 టన్నుల బొగ్గు కాల్చే బాయిలర్ ఉందనుకుందాం. బొగ్గులో గంధకం 0.5 శాతం, మన దేశపు బొగ్గుకు ఇది మామూలే. అంటే గంటకు 50 కిలోల గంధకం కాలుతుంది. గంధకం కాలితే తన బరువుకు సమానమైన ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది కాబట్టి సల్ఫర్ డయాక్సైడ్ దానికి రెట్టింపు, గంటకు 100 కిలోలు. సెకనుకు 27.8 గ్రాములు.

గొట్టం ఎంత ఎత్తుండాలి? కాలుష్య నియంత్రణ మండలి సూత్రం సులువైనదే. గంటకు ఎన్ని కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుందో ఆ అంకెను 0.3 ఘాతానికి తీసుకెళ్లి 14తో గుణించాలి. 100 కిలోలకు 56 మీటర్లు వస్తుంది. ఎంత తక్కువ వచ్చినా 30 మీటర్లకు తగ్గకూడదు. ఈ సూత్రంలో దాగిన సంగతి ఒకటుంది: ఉద్గారం పది రెట్లు పెరిగినా సూత్రం అడిగే ఎత్తు రెట్టింపే అవుతుంది.

అయితే పొగ 56 మీటర్ల దగ్గరే ఆగిపోదు. 140 డిగ్రీల వేడితో, సెకనుకు 12 మీటర్ల వేగంతో, 1.8 మీటర్ల వ్యాసమున్న గొట్టంలోంచి దూసుకొచ్చిన వాయువు చుట్టూ ఉన్న 30 డిగ్రీల గాలికన్నా తేలిక, అందుకని ఇంకా పైకి లేస్తుంది. దీన్ని లెక్కగట్టడానికి బ్రిగ్స్ సమీకరణాలు వాడతారు. గొట్టం ఎత్తున గాలి సెకనుకు 4 మీటర్లు వీస్తుంటే ఈ పొగ మరో 60 మీటర్లు లేస్తుంది. అంటే నమూనా దృష్టిలో అసలు ఎత్తు 116 మీటర్లు. దీన్ని ప్రభావ ఎత్తు అంటారు.

ఇక పొగచార. గాలివాలున సాగుతూ అది పక్కలకూ పైకీ కిందికీ వెడల్పవుతుంది. మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా గుడిగంట ఆకారంలో పరుచుకుంటుందన్నది గాసియన్ నమూనా మూల ఊహ. లెక్కకు కావలసినవి సెకనుకు గ్రాములు, గాలి వేగం, ప్రభావ ఎత్తు, ఆ దూరానికి పొగచార అడ్డంగానూ నిలువుగానూ ఎంత వెడల్పయిందన్న రెండు కొలతలు. పొగచార అడుగు నేలను తాకాక కాలుష్యం నేలలో ఇంకిపోదు, తిరిగి పైకి మళ్లుతుంది. ఆ మళ్లింపును కూడా సమీకరణంలో కలుపుతారు.

ఓ మోస్తరు ఎండ ఉన్న మధ్యాహ్నానికి మన బాయిలర్ లెక్క ఇలా వస్తుంది. గొట్టానికి 200 మీటర్ల దూరాన నేల మీద దాదాపు సున్నా, ఎందుకంటే పొగ ఇంకా నెత్తిమీదే ఉంది. 500 మీటర్ల దగ్గర 11 మైక్రోగ్రాములు. 1.2 కిలోమీటర్ల దగ్గర 83. ఇదే శిఖరం. 5 కిలోమీటర్లకు మళ్లీ 16కి దిగిపోతుంది. ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఉన్నవాళ్లకన్నా కిలోమీటరు అవతలివాళ్లకు గొట్టపు పొగ ఎక్కువ తగలడం వింతేమీ కాదు.

ప్రభావ ఎత్తు ఎంత కీలకమో చూడండి. శిఖర గాఢత ఆ ఎత్తు వర్గానికి ఇంచుమించు విలోమంగా మారుతుంది: ఎత్తు రెట్టింపైతే గాఢత నాలుగో వంతు. ఇప్పుడు ఇదే గొట్టానికి నీటితో కడిగే స్క్రబ్బర్ బిగించారనుకుందాం. వాయువు 140 నుంచి 60 డిగ్రీలకు చల్లబడుతుంది. బయటికొచ్చే వేగం తగ్గలేదనుకున్నా పొగ లేచేది 60 కాదు, 27 మీటర్లే. ప్రభావ ఎత్తు 83కి పడిపోతుంది. స్క్రబ్బర్ సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది, సరే. నైట్రోజన్ ఆక్సైడ్లను అది పెద్దగా పట్టదు. వాటి భూమట్ట గాఢత మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. స్క్రబ్బర్ పెట్టాక కూడా నివేదికలో పాత 140 డిగ్రీలే ఉంటే ఆ పెరుగుదల ఎక్కడా కనిపించదు.

భోగిమంట పొగ ఎందుకు పైకి లేవదు?

గాలి వేగం ఒక్కటే తెలిస్తే చాలదు, గాలి నిలకడ కూడా తెలియాలి. మిట్టమధ్యాహ్నం నేల కాగి, గాలి సుడులు సుడులుగా పైకి లేస్తూ కిందికి దిగుతూ కలియబెడుతుంది. రాత్రి నిర్మలాకాశం కింద నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చగాలి. బరువైనది అడుగున ఉంది కాబట్టి కదలదు. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. భోగినాడు తెల్లవారుజామున మంట పొగ ఇళ్ల కప్పుల మీద దుప్పటి పరిచినట్టు అడ్డంగా సాగిపోవడం చూసే ఉంటారు. అదే మంట మధ్యాహ్నం వేస్తే పొగ చెదిరిపోతుంది.

1961లో బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త పాస్క్విల్ ఈ నిలకడను ఎండ, మబ్బు, గాలి వేగాన్నిబట్టి ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు తరగతులుగా విడగొట్టాడు. ఏ అంటే తీవ్రంగా కలిసే గాలి, డి తటస్థం, ఎఫ్ పైకీ కిందికీ ఇంచుమించు కలవని రాత్రి గాలి. మన మధ్యాహ్నపు లెక్క సి తరగతిది.

ఇప్పుడు అదే బాయిలర్‌ను జనవరి రాత్రి నడిపిద్దాం. గాలి 2 మీటర్లు, తరగతి ఎఫ్. పొగ 114 మీటర్ల ఎత్తున సన్నని పట్టీలా సాగిపోతుంది. 5 కిలోమీటర్ల దగ్గర నేల మీద వచ్చేది 1.5 మైక్రోగ్రాములు మాత్రమే. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ పట్టీ నడిమధ్యన, 114 మీటర్ల ఎత్తున, గాఢత 420 పైమాటే. దారిలో ఆ ఎత్తు కొండో, కొండవాలున ఇళ్లో ఉంటే ఆ పొగ సరాసరి వాటిని తాకుతుంది. చదునైన నేల అనుకుని లెక్కవేసిన నమూనాకు ఆ ఇళ్లు కనిపించవు.

పొద్దు పొడిచాక అసలు కథ మొదలవుతుంది. ఎండకు నేల వేడెక్కి, కలియబెట్టే పొర కిందినుంచి క్రమంగా పైకి పెరుగుతుంది. రాత్రంతా నెత్తిమీద పేరుకున్న పట్టీ ఎత్తును అది అందుకోగానే ఆ పొగనంతా కిందికి గుంజేస్తుంది. పైన మూత ఇంకా తీయలేదు, పైకి పోయే దారి లేదు. ఇంగ్లీషులో దీన్ని ఫ్యూమిగేషన్ అంటారు, తెలుగులో ధూమపాతం అనుకుందాం. దీనికి వేరే సమీకరణం ఉంది. అదే బాయిలర్‌కు, అదే 5 కిలోమీటర్ల దగ్గర, అది చూపే విలువ 176 మైక్రోగ్రాములు. అరగంట క్రితం అక్కడ ఉన్నది 1.5.

ఊరాయన చెప్పిన పొద్దుటి ఘాటు ఇలాంటిదే కావచ్చు.

24 గంటల సగటులో ఆ అరగంట ఎటు పోయింది?

176 మైక్రోగ్రాములు అరగంటపాటు ఉండి, మిగతా రోజంతా శుభ్రంగా ఉందనుకుంటే 24 గంటల సగటుకు అది చేర్చేది 3.7 మైక్రోగ్రాములే. పరిమితి 80 ముందు అది లెక్కలోకే రాదు. 1.2 కిలోమీటర్ల శిఖరం సంగతీ అంతే: 83 అన్నది గంట విలువ. గాలి రోజుకు 6 గంటలు ఈశాన్యానికి వీచిందనుకుంటే సగటు 21. కన్సల్టెంటు చదివిన అంకె అలా వచ్చింది. అందులో తప్పేమీ లేదు. ప్రమాణం రోజు సగటును అడిగింది, వాళ్లు రోజు సగటునే ఇచ్చారు. ఉబ్బసం ఉన్న పిల్లవాడికి మాత్రం ఆ అరగంటే రోజంతా. సల్ఫర్ డయాక్సైడ్ ఊపిరి గొట్టాలను బిగబట్టించడానికి నిమిషాలు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నిమిషాలకు విడిగా 500 మైక్రోగ్రాముల విలువను పెట్టింది అందుకే.

నివేదికలోని పట్టికలో సాధారణంగా మూడు నిలువు వరుసలుంటాయి: ఇప్పటికే గాలిలో ఉన్నది, కొత్త ప్రాజెక్టు చేర్చేది, రెంటి మొత్తం. మొదటిది కొలత, రెండోది లెక్క. ఇప్పటికే పీఎం 10 ధూళి 92 ఉన్న చోట కొత్తగా 3 చేర్చి 95, పరిమితి 100 లోపలే అంటే చట్టం ప్రకారం సరిపోతుంది. పక్కనే అనుమతి పొంది ఇంకా మొదలవని మరో యూనిట్ చేర్చబోయే ధూళి ఈ మూడు వరుసల్లో దేనిలోనూ ఉండకపోవచ్చు.

గాలి ఎటునుంచి, ఎటువైపుకు

గాలి దిక్కులను చూపే విండ్ రోజ్ అనే పూవు బొమ్మ ప్రతి నివేదికలోనూ ఉంటుంది. దాన్ని తలకిందులుగా చదవడం చాలామంది చేసే పొరపాటు. నైరుతివైపు పొడుగ్గా ఉన్న రేక గాలి నైరుతి నుంచి వస్తోందని చెబుతుంది, నైరుతి రుతుపవనాల్లాగే. కాలుష్యం వెళ్లేది దానికి ఎదురుగా, ఈశాన్యానికి.

2006 నాటి ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాకుండా ఒక్క రుతువు కొలతలు చాలు, చుట్టూ 10 కిలోమీటర్ల మేర. ఆ ఒక్క రుతువు మార్చి నుంచి మే దాకా అయితే మన దగ్గర గాలి ఎక్కువగా దక్షిణ, నైరుతి దిక్కులనుంచి వీస్తుంది. పగలు కలియబెట్టే పొర కిలోమీటరుపైన ఎత్తుకు లేస్తుంది. కాలుష్యం పలచబడటానికి అంతకన్నా అనువైన కాలం ఉండదు. డిసెంబరు, జనవరిలో గాలి ఈశాన్యంనుంచి వీస్తుంది, విలోమం బలంగా ఉంటుంది. వేసవి లెక్కలో నిశ్చింతగా కనిపించిన నైరుతి ఊళ్లు చలికాలంలో పొగదారిలోకి వస్తాయి. ఏడాది పొడవునా గంటగంటకూ ఉన్న వాతావరణ వివరాలతో నడిపిన నమూనాకూ, మూడు నెలలతో నడిపిన దానికీ అసలు తేడా ఇక్కడే ఉంది.

గాలి కదలని గంటలు ఇంకో చిక్కు. సమీకరణంలో గాలి వేగం హారంలో ఉంటుంది, సున్నాతో భాగించలేం. అందుకని గాలి నిలిచిన గంటలను చాలా నమూనాలు లెక్కలోంచి తీసేస్తాయి. శ్వాస ఆడక ఇబ్బందిపడేది ఆ గంటల్లోనే కదా. విండ్ రోజ్ నడిమధ్యన వృత్తంలో రాసి ఉండే “నిశ్చలం” శాతం అందుకే ముఖ్యం. అది 20 దాటితే అయిదింట ఒక గంటను నమూనా చూడలేదన్నమాట.

విశాఖ గిన్నె

ఈ ఇబ్బందులన్నీ ఒకే చోట చూడాలంటే విశాఖపట్నం. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం. మధ్యలో పల్లంలో నౌకాశ్రయం, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ, వాటి మధ్యనే ఇళ్లు. కాలుష్యం మీద పనిచేసేవాళ్లు దీన్ని గిన్నె అంటారు.

పగలు నేల సముద్రంకన్నా త్వరగా వేడెక్కుతుంది, సముద్రపు గాలి లోపలికి వస్తుంది. వినడానికి హాయిగానే ఉంటుంది, కాని ఆ గాలి చల్లనిది, నిలకడైనది. తీరం దాటాక అడుగున కొద్దిపాటి పొర మాత్రమే వేడెక్కి కలియబెట్టడం మొదలవుతుంది, లోపలికి పోయేకొద్దీ ఆ పొర మందం పెరుగుతుంది. తీరాన ఉన్న ఎత్తైన గొట్టపు పొగ మొదట ఆ పొరకు పైన నిలకడగా సాగి, కొంత దూరం పోయాక పెరుగుతున్న పొరలో చిక్కి కిందికి దిగిపోతుంది. తీరానికి దూరపు పట్టణాల్లో ధూమపాతం పొద్దున అరగంట ఉంటే, తీరంలో సముద్రపు గాలి వీచినంతసేపూ, గంటలకొద్దీ సాగవచ్చు. రాత్రి గాలి వెనక్కి తిరిగి నేలనుంచి సముద్రంమీదికి పోతుంది. పగలు లోపలికి పోయినది రాత్రి వెనక్కి, మర్నాడు మళ్లీ లోపలికి. గంట గడవగానే పాత పొగను మర్చిపోయి కొత్త సరళరేఖ గీసే గాసియన్ నమూనాకు ఈ రాకపోకలు అర్థం కావు. పొగను చిన్నచిన్న ఉండలుగా విడగొట్టి, ఒక్కో ఉండనూ మారే గాలి వెంట నడిపించే కాల్‌పఫ్ వంటి నమూనాలు ఇలాంటి చోట మేలు. కానీ వాటికి ఒక్క విమానాశ్రయపు గాలి వివరాలు చాలవు. ఊరంతటా వేర్వేరు చోట్ల, వేర్వేరు ఎత్తుల్లో గాలి ఎటుందో చెప్పాలి.

సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే సమాచారం

మన నివేదికల్లో ఎక్కువగా కనిపించే పేరు ఏర్‌మాడ్. అమెరికా పర్యావరణ సంస్థ 2005లో పాత ఐఎస్‌సీ నమూనా స్థానంలో దీన్ని ప్రామాణికం చేసింది. ఆరు తరగతుల బదులు నేలకూ గాలికీ మధ్య వేడి మార్పిడిని గంటగంటకూ లెక్కించి గాలి నిలకడను అంచనా వేస్తుంది. కొండలను ఏర్‌మ్యాప్ అనే భాగం చూసుకుంటుంది. 50 కిలోమీటర్ల దాకా వాడొచ్చంటారు. మంచి సాధనమే. తప్పులు దొర్లేది అందులోకి పోసే అంకెల్లో.

గొట్టంలో కొలిచిన మిల్లీగ్రాములు ప్రామాణిక ఉష్ణోగ్రతకు సర్దిన ఘనపు మీటరువి. వాటిని వేడి వాయువు ఘనపరిమాణంతో గుణిస్తే 140 డిగ్రీల దగ్గర ఉద్గారం దాదాపు 40 శాతం పెరిగి కనిపిస్తుంది, తిరగేస్తే పావు వంతుకు పైగా తగ్గుతుంది. ధూళిని పట్టే ఈఎస్‌పీ సామర్థ్యం మీద ఇంకా పెద్ద తేడా వస్తుంది. 99.9 శాతం అని రాస్తే వెయ్యిలో ఒక వంతు బయటికి పోతుంది, 99 శాతమైతే వెయ్యిలో పది. కాగితం మీద దశాంశ బిందువు తర్వాత ఒక్క అంకె, ఊళ్లో ధూళి పది రెట్లు. ఈఎస్‌పీ ట్రిప్ అయిన గంటల్లో, బాయిలర్ వెలిగించే మొదటి గంటల్లో ఏమవుతుందో విడిగా నడిపిన నివేదికలు అరుదు.

పక్క భవనం ఇంకొకటి. 20 మీటర్ల బాయిలర్ హౌస్ పక్కన 30 మీటర్ల గొట్టం ఉంటే, గాలి భవనాన్ని దాటి వెనక సుడి తిరిగేటప్పుడు పొగను కూడా కిందికి లాక్కుంటుంది. ఈ బెడద తప్పాలంటే గొట్టం భవనం ఎత్తుకు రెండున్నర రెట్లు, అంటే 50 మీటర్లు ఉండాలి. చట్టం అడిగే కనీస 30 మీటర్లు ఇక్కడ చాలవు. భవనాల కొలతలు ఇవ్వకపోతే ఏర్‌మాడ్ మైదానంలో ఒంటరి గొట్టం ఉందనుకుని లెక్క వేస్తుంది.

గొట్టం లేని కాలుష్యం

బొగ్గు గుట్ట మీది దుమ్ము, లారీలు తిరిగే మట్టిరోడ్డు, వాల్వులు, ట్యాంకు మూతలు, వ్యర్థజలాల తొట్లు. వీటికి ఎత్తు లేదు, వేడి లేదు. పటాన్‌చెరు, పాశమైలారం లాంటి మందుల ఫ్యాక్టరీల ప్రాంతాల్లో రాత్రిళ్లు వచ్చే ద్రావకాల వాసన గొట్టాలకన్నా ఇలాంటి చోట్లనుంచే ఎక్కువ వచ్చే వీలుంది.

సెకనుకు ఒక్క గ్రాము లీకేజీ నేలమట్టాన ఉందనుకుందాం. మధ్యాహ్నం, బి తరగతి, 3 మీటర్ల గాలి: 500 మీటర్ల దగ్గర 23 మైక్రోగ్రాములు. అదే లీకేజీ, అదే దూరం, రాత్రి ఎఫ్ తరగతి, ఒకటిన్నర మీటర్ల గాలి: 1,560. దాదాపు 70 రెట్లు. రాత్రి ఫ్యాక్టరీవాళ్లు కావాలని వదులుతున్నారన్న ఆరోపణ చాలా చోట్ల వినిపిస్తుంది. కొన్నిచోట్ల అది నిజం కావచ్చు. కానీ ఏమీ అదనంగా వదలకపోయినా రాత్రి వాసన ఇంత పెరుగుతుందని ఈ లెక్క చెబుతోంది. అలా చెప్పినంత మాత్రాన పీల్చేవాళ్ల బాధ తగ్గదు. పట్టుకోవాల్సింది గొట్టాన్ని కాదు, కారుతున్న వాల్వును అని మాత్రం తెలుస్తుంది.

గాలికన్నా బరువైన ఆవిరి ఈ సమీకరణానికే లొంగదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకునుంచి వెలువడిన స్టైరీన్ అలాంటిది. దాని అణుభారం 104, గాలిది సగటున 29. చిక్కటి ఆవిరి మేఘం నీళ్లలా పల్లానికి పారుతుంది, నేలను అంటిపెట్టుకుంటుంది. ఆ వేళ జనం నిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయారు, వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఇలాంటి వాటికి స్లాబ్, డెగాడిస్, అలోహా వంటి బరువు వాయువుల నమూనాలు వాడాలి. అవి ప్రభావ మదింపు నివేదికలో గాలి అధ్యాయంలో ఉండవు, ప్రమాద అంచనా అధ్యాయంలో ఉంటాయి. మొదటి అధ్యాయంలో “పరిమితికి లోపలే” అన్న మాట రెండో అధ్యాయానికి వర్తించదు.

ఎంతవరకు నమ్మొచ్చు?

నమూనా ఒక రోజు ఒక ఇంటి దగ్గర ఎంత ఉంటుందో చెప్పడంలో బలహీనమైనది. మన బాయిలర్‌కు 1.2 కిలోమీటర్ల దగ్గర గాలి దిశ 5 డిగ్రీలు తప్పితే 83 కాస్తా 58 అవుతుంది, 10 డిగ్రీలు తప్పితే 20. గాలి దిశ చూపే సూచిలో 10 డిగ్రీల తేడా రావడం పెద్ద విషయం కాదు. ఏడాదిలో ఈ ప్రాంతంలో ఎక్కడో ఒకచోట రాగల అత్యధిక గాఢత ఎంత అంటే మాత్రం బాగానే చెబుతుంది. అలాంటి గరిష్ఠ విలువల్లో 10 నుంచి 40 శాతం తేడా మామూలని అమెరికా పర్యావరణ సంస్థ మార్గదర్శకాలే ఒప్పుకుంటాయి. కాబట్టి 78 వచ్చింది, పరిమితి 80, పాసైంది అనడం నమూనా ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువ ఖచ్చితత్వం ఆశించడమే. 21 వచ్చినప్పుడు, ఇచ్చిన సమాచారం సరైనదైతే, రోజు సగటు 80 దాటదని గట్టిగానే చెప్పొచ్చు.

ఎత్తైన గొట్టమా, గంధకాన్ని పట్టే యంత్రమా?

2015 డిసెంబరులో కేంద్రం థర్మల్ కేంద్రాలకు సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు పెట్టింది, వాటిని అందుకోవడానికి పొగలోంచి గంధకాన్ని పట్టే ఎఫ్‌జీడీ యంత్రాలు అవసరమయ్యాయి. గడువులు పదేపదే వాయిదా పడ్డాయి. 2025 జులైలో వచ్చిన నోటిఫికేషన్ పెద్ద నగరాలకు, తీవ్ర కాలుష్య ప్రాంతాలకు దూరంగా ఉన్న కేంద్రాలను, అంటే నాలుగింట మూడొంతులకు పైగా యూనిట్లను, గొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలని ఈ పరిమితినుంచి మినహాయించింది.

సమర్థించేవారి వాదన ఇది: మన బొగ్గులో గంధకం తక్కువ. బయటి గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ చాలా ఊళ్లలో 80కి ఎంతో దిగువనే ఉంది. ఎఫ్‌జీడీకి ఖర్చు, నీళ్లు, సున్నపురాయి, అదనపు కరెంటు కావాలి. గొట్టాలు ఎలాగూ ఎత్తుగా ఉన్నాయి. ఈ చివరి మాటను లెక్కవేసి చూడొచ్చు. 500 మెగావాట్ల యూనిట్ గంటకు సుమారు 320 టన్నుల బొగ్గు కాలిస్తే 3,200 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. సూత్రం అడిగేది 158 మీటర్లు. విశాఖ దగ్గర పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రం గొట్టాలు 275 మీటర్లు. దగ్గరి ఊళ్ల సల్ఫర్ డయాక్సైడ్ వరకే అయితే ఈ వాదనకు నమూనాలు చాలావరకు తోడుంటాయి.

వ్యతిరేకించేవారు అడిగేది వేరే ప్రశ్న. గొట్టం ఎత్తు పెంచితే ఒక్క కిలో కూడా తగ్గదు, దూరం మారుతుంది అంతే. కెనడాలోని సడ్బరీలో 1970ల మొదట్లో 381 మీటర్ల గొట్టం కట్టాక చుట్టుపక్కల గాలి మెరుగైంది, ఆమ్లం మాత్రం దూరాలకు చేరింది. 1977లో అమెరికా చట్టం, భవనాల సుడి తప్పించుకోవడానికి కావలసినంతకు మించిన ఎత్తును పరిమితుల లెక్కలో చూపుకోవడానికి వీల్లేదంది. పైగా సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ఒకటి రెండు రోజుల్లో సల్ఫేటుగా మారుతుంది, పొలాలనుంచి, పశువులనుంచి వచ్చే అమోనియాతో కలిసి పీఎం 2.5 సన్నధూళి అవుతుంది. అప్పుడది సల్ఫర్ డయాక్సైడ్ కొలిచే యంత్రంలో కనిపించదు, దాని 80 పరిమితికీ అందదు.

సెకనుకు 4 మీటర్ల గాలి ఒక రోజులో దాదాపు 345 కిలోమీటర్లు పోతుంది. ప్రభావ మదింపు నివేదిక చూసే వృత్తం వ్యాసార్థం 10 కిలోమీటర్లు. సింహాద్రి పొగలోని గంధకం సన్నధూళిగా మారేసరికి, గాలి ఏ దిక్కున ఉందోగాని, ఆ వృత్తం దాటి ఎన్నో జిల్లాల అవతల ఉంటుంది.